జాకీల జీర్ణోద్ధరణము: చెన్నపట్టణపు మోటారు చరిత్రలో ఒక పుట

పురసు అనగా మోదుగచెట్టు. ఆ చెట్టు పేరిట వెలసిన పల్లెయే పురసవాక్కము. అచ్చటి గంగాధరేశ్వరాలయమునకు పురసుచెట్టే స్థలవృక్షము. 1693వ సంవత్సరమున తొండియారుపేట, ఎగ్మూరులతోపాటు ఈ గ్రామము ఈస్టిండియా కుంపిణీవారి వశమై, క్రమముగా పట్టణములో కలిసిపోయినది. నేడు పురసవాక్కము హైరోడ్డు అనగానే ఎవరికైనను బట్టల అంగళ్ళు, నగల అంగళ్ళు, పాత్రల కొట్లు జ్ఞప్తికి వచ్చును. ఇనుము జ్ఞప్తికి రాదు. అయినను ఈ పేట చుట్టునున్న దిక్కులను చూచినచో ఇనుముతోను, చక్రముతోను దీనికున్న సంబంధము స్పష్టమగును. ఉత్తరమున పెరంబూరు రైలు కర్మాగారములు. దక్షిణమున ఎగ్మూరు దాటగనే పాత మోటారు సామానులకు దేశమంతట పేరుపడిన పుదుపేట. నైరృతి దిక్కున, మోటారుకారు కొన్న తొలి భారతీయులలో ఒకరైన తెలుగువాని పేరు నేటికిని అంటిపెట్టుకొని యున్న చేట్‌పట్టు. నడుమ వేపేరి, చూళై. ఈ వీథులలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురమున్నవి.

ఈ ప్రాంతపు మోటారు చరిత్రను గూర్చి వ్రాసినవారు కార్లను గూర్చి వ్రాసిరి, వాటి యజమానులను గూర్చి వ్రాసిరి. కారును నేలనుండి పైకెత్తిన పనిముట్టును గూర్చి వ్రాసినవారు అరుదు. దానికి పేరు జాకీ. ఇంగ్లీషులో 'జాక్' అను పదమునకు చివర ఒక ఈకారము చేర్చి తెలుగువారును, తమిళులును దానిని తమ మాటగా చేసికొనిరి. పాత జాకీలకు నేడు పుదుపేట వంటి అంగళ్ళలో పట్టుచున్న గతి రెండు విధములు. తూకమునకు అమ్ముడై కొలిమికి పోవుట ఒకటి. మిలమిలలాడు ఎనామెల్ రంగు పూయించుకొని, పురాతన వస్తువను పేరుతో ధనికుల ఇండ్లలో అలంకారమై నిలుచుట రెండవది. మొదటిదానిలో వస్తువు పోవును. రెండవదానిలో వస్తువు నిలుచును గాని దాని చరిత్ర పోవును. ఒక్కొక్కప్పుడు మనుష్యుని ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇది ఎట్లో తెలియవలెనన్న జాకీ పుట్టుకనుండి మొదలిడవలెను.

బరువెత్తు విద్య క్రొత్తది కాదు. ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టవలసి వచ్చినప్పుడెల్ల బండివాడు పొడవైన మీటకఱ్ఱను ఇరుసుక్రిందికి దూర్చి, రాతిమీద ఆనించి, దానిపై తన బరువంతయు మోపి చక్రమును నేలనుండి లేపెడివాడు. ఇంకొకడు శీలనూడదీసి చక్రమును జరపి కందెన పట్టించెడివాడు. ఇద్దరు మనుష్యులు, ఒక కఱ్ఱ, ఒక రాయి. ఇంతకంటె ఎక్కువ సాధనము అవసరము లేకపోయెను. బండి తేలిక, తొందర లేదు.

మఱ అను సాధనము ఈ ప్రాంతమునకు బరువెత్తుటకై గాక అచ్చు వేయుటకై ముందుగా వచ్చి యుండుట గమనింపదగిన విశేషము. 1761లో పుదుచ్చేరి ఇంగ్లీషువారి వశమైనప్పుడు చేజిక్కిన అచ్చుయంత్రము వేపేరిలోని మతబోధకుడు ఫాబ్రిషియస్‌కు అప్పగింపబడినది. ఆ కాలపు చేతి అచ్చుయంత్రములలో కాగితముపై పలకను అదుముటకు నిలువున నొక మఱ యుండెడిది. దానిని త్రిప్పిన పలక దిగును. అదే మఱను తలక్రిందులు చేసి, అదుమువైపును ఎత్తువైపుగా మార్చిన జాకీ అగును. పురసవాక్కమునకు కూతవేటు దూరముననున్న వేపేరిలో అక్షరములను కాగితమునకు ఒత్తిన సూత్రమే నూఱేండ్ల తరువాత పెరంబూరులో రైలుపెట్టెలను పట్టాలనుండి లేవనెత్తెను.

మద్రాసు రైల్వే 1856లో రాయపురమునుండి నడువ మొదలిడినది. పెరంబూరు కర్మాగారమును ఆ కాలముననే ఏర్పడినది. రైలుపెట్టె చక్రములను తీసి మార్చుటకు పెట్టె నాలుగు మూలలను సమముగా ఎత్తవలెను. ఒక మూల ముందు లేచినచో పెట్టె ఒరుగును. ఇందుకై పెద్ద మఱజాకీలను మూలకొకటిగా నిలిపి, ఒకని కేకకు అందఱును ఒకే మారు త్రిప్పెడి పద్ధతి రైలు కర్మాగారములన్నింటను వాడుకలోనికి వచ్చినది. జాకీ అను వస్తువుతో ఈ ప్రాంతపు శ్రామికునకు తొలి పరిచయము మోటారువలన గాక రైలువలననే కలిగియుండునని ఊహించుట అసంగతము కాదు. 1955 అక్టోబరు 2వ తేదీన నెహ్రూ ప్రారంభించిన పెరంబూరు పెట్టెల కర్మాగారము ఈ పరిచయమును మఱింత విస్తరింపజేసినది.

ఇక మోటారు. మౌంటురోడ్డులో బండ్లు చేయు సింప్సన్ కుంపిణీ 1840లో స్థాపింపబడినది. ఆ సంస్థకు చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ 1903లో ఆవిరితో నడచు కారును నిర్మించెను. దాని వెనువెంటనే 1905లో ఆ సంస్థవారు చేసిన ఆవిరి బస్సు బెజవాడకును, బందరునకును నడుమ తిరిగినది. దేశమున మోటారు రవాణా తొలి అడుగులలో నొకటి చెన్నపట్టణపు చేతిపనితో తెలుగునేలపై పడినదను సంగతి తెలుగువారికి అంతగా తెలియదు. కృష్ణామండలపు కంకరబాటపై ఆ బరువైన ఆవిరిబండి చక్రము ఎన్నిమార్లు కూరుకొని యుండునో, దానినెత్తుటకు ఏ సాధనమును వాడిరో, ఆ వివరములను నమోదు చేయవలెనని ఎవరికిని తోచినట్లు లేదు.

చెన్నపట్టణమున కారుకొన్న తొలి భారతీయుడు తాటికొండ నంబెరుమాళ్ళు చెట్టి (1856–1925). ఆయన తెలుగు వైశ్యుడు, నిర్మాణపు గుత్తదారు, ఉన్నత న్యాయస్థానము, విక్టోరియా పబ్లిక్ హాలు వంటి ఎఱ్ఱయిటుక కట్టడములను నిలిపినవాడు. చేట్‌పట్టు, ఎగ్మూరు ప్రాంతములలో ఆయనకు తొంబదితొమ్మిది ఇండ్లుండెడివనియు, నూఱవదానిని కొనుటకు సమ్మతింపలేదనియు చెప్పుకొందురు. గణితజ్ఞుడు రామానుజన్ 1920లో తుదిశ్వాస విడిచిన చేట్‌పట్టు గృహమును ఆయనకు చెందినదే. ఆయన కొన్నది ఫ్రాన్సు దేశపు దదియోఁ కారు. దాని సంఖ్య ఎం.సి. 3. ఈ విషయమును చరిత్రకారులు పలుమార్లు చెప్పియున్నారు. కాని ఆ కారు చక్రమునకు గాలిపోయిన దినమున దానిని ఎత్తిన చేతులెవ్వరివి? ఆ పేరు ఎక్కడను లేదు.

గాలిపోవుట ఆ దినములలో అరుదైన సంగతి కాదు. బాటలపై గుఱ్ఱపులాడముల మేకులు, బండిశీలలు పడియుండెడివి. తొలికార్లకు అదనపు చక్రము లేదు. టైరును చక్రముపైననే విప్పి, లోపలి గొట్టమునకు అతుకువేసి, తిరిగి ఎక్కించి, గాలికొట్టవలెను. అంతసేపును కారు జాకీపై నిలిచి యుండవలెను. 1904లో వేల్సు దేశమున లనెల్లి పట్టణమునందు స్టెప్నీ అను వీథిలో డేవీసు సోదరులు అదనపు చక్రమును కల్పించిరి. ఆ వీథి పేరే వస్తువునకు పేరైనది. ఇంగ్లండులో ఆ మాట ఏనాడో మఱుగుపడినది. మద్రాసునుండి విశాఖపట్టణమువఱకు ఏ డ్రైవరు నోటనైనను నేటికిని 'స్టెప్నీ'యే. జాకీ, స్టెప్నీ, ఈ రెండు మాటలును జంటగా మన భాషలోనికి వచ్చి, పుట్టినింటిని మఱచి, ఇచ్చటనే స్థిరపడినవి.

జాకీలలో జాతులు పెక్కు. అన్నింటికంటె సరళమైనది కూజా ఆకారపు పోతయినుప పీఠమున నిలువుమఱ గలది. మఱతలకున్న రంధ్రమున కడ్డీ దూర్చి త్రిప్పిన పైకి లేచును. కారుక్రిందికి వంగి కడ్డీ త్రిప్పుట కష్టము గనుక వాలుగా కోసిన పళ్ళచక్రముల జంటను చేర్చి, బయట నిలుచుండియే పొడుగుపిడితో త్రిప్పునట్లు మార్చిరి. ఎసెక్సు మండలమున బ్రెయిన్‌ట్రీలోని లేక్ అండ్ ఎలియట్‌వారు 'మిలీనియం' అను పేర అమ్మిన జాకీలు, రసీన్ పట్టణమున వాకర్‌వారి జాకీలు మోటారుయుగపు తొలిదశలో పేరుపొందిన సరకు. మఱియొక జాతి పళ్ళకడ్డీ జాకీ. నిలువు కడ్డీకి ఱంపపు పళ్ళవలె పళ్ళుండును. పిడిని అదిమిన కొలది ఒక ఇనుపనాలుక పంటినుండి పంటికి ఎగబ్రాకును. నదిలో పడవలు నడపిన జోసయ్యా బారెట్ అను అమెరికనుడు, పడవల నీడ్చు సాధనమున కనిపించిన ఈ ఉపాయమును 1880ల నాడు జాకీకి తెచ్చెను. డఫ్ సంస్థవారు దానిని రైలుమార్గపు పనివారికి చేసి అమ్మిరి. పెద్దబండ్లకు ఇది మేలు. కాని బరువు దించునప్పుడు పిడి చేయిజారినచో ఎగిరి దవడకు తగులును. ఇందువలన గాయపడినవారి కథలు లారీలు నిలుచు చోటనెల్ల వినవచ్చును. నీటియొత్తిడితో పనిచేయు జాకీకి మూలము 1795నాటి బ్రామా యంత్రము; దానిని చేతికందు పనిముట్టుగా 1851లో చేసినవాడు రిచర్డ్ డడ్జన్. అది ఇచ్చటి విషయము కాదు. పళ్ళును, మఱయును, నాలుకయును గల యాంత్రిక జాకీకి మాత్రమే ఈ వ్యాసము పరిమితము.

మఱజాకీ గుణమును తెలిసికొన్నగాని దాని జీర్ణోద్ధరణమున మెలకువ బోధపడదు. కడ్డీ పండ్రెండంగుళముల పొడవును, మఱచుట్టు ఒక్కొక్కటి పావంగుళమును అనుకొందము. కడ్డీకొన ఒక చుట్టు తిరుగుటకు డెబ్బదియైదు అంగుళములకు పైగా నడువవలెను; బరువు లేచునది పావంగుళము మాత్రమే. లెక్కకు చేతిబలము మూడువందల రెట్లగును. నిజమునకు అందు పెద్దభాగము రాపిడికి పోయి, నాలుగవవంతు మిగిలిన చాలును. పది పౌనుల అదుపుతో ఏడువందల యేబది పౌనులు లేచును. రాపిడికి పోయినదంతయు వ్యర్థమని తోచును. కాని ఆ రాపిడియే కాపు. పిడి వదలినను మఱ తనంత తాను వెనుకకు తిరుగకుండుటకు కారణము అదియే. వెనుకకు జారని మఱ ఏదైనను మనిషి పెట్టిన పనిలో సగమునైన బరువున కీయజాలదను సంగతి యంత్రశాస్త్రమున నిరూపితమైనది. తాను సగమునకు పైగా మ్రింగి, మిగిలినదానితో బరువునెత్తి, ఎత్తినదానిని జాఱనీయకుండ నిలుపుట దాని స్వభావము. అందుచేత అరిగిపోయిన మఱను, పళ్ళు మొక్కవోయిన నాలుకను రంగుతో కప్పుట వట్టి అలంకారదోషము కాదు.

1950ల నడుమ దేశమున జరిగిన మార్పు పాతజాకీల ఆయువును పెంచినది. 1953నాటి టారిఫ్ కమీషను సిఫారసులవలన, కార్లను ఇచ్చటనే ఉత్పత్తి చేయు ప్రణాళికలేని విదేశీసంస్థలకు చోటు లేకపోయినది. ఫోర్డు, జనరల్ మోటార్సు 1954నాటికి తమ కూర్పుపనిని మూసివేసినవి. చెన్నపట్టణమున ఎన్నూరులో 1949నుండి ఆస్టిన్ కార్లను కూర్చిన అశోక్ మోటార్సు 1955లో అశోక్ లేలాండై లారీలవైపు మళ్ళెను. స్టాండర్డ్ సంస్థవారు నగరపు వెలుపల 1961నుండి హెరాల్డ్ కార్లను చేసిరి. కొత్తకారు దొరకుటకు ఏండ్లకొలది నిరీక్షింపవలసిన కాలమది. ఉన్న కారును ముప్పదేండ్లు, నలుబదేండ్లు నడపిరి. దానితో వచ్చిన జాకీయు అన్నాళ్ళును నడిచినది. పిడి విరిగిన కమ్మరి క్రొత్తపిడి కొట్టెను. మఱ అరిగిన లేతుపై క్రొత్తమఱ కోసిరి. నాలుకకు బదులు పాతస్ప్రింగు పట్టీముక్కను ఆకురాతితో రాచి అమర్చిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సైన్యమువారు వేలమువేసిన జీపులు, ట్రక్కులు, వాటితోడి పనిముట్లు ఈ సంచయములో కలిసినవి. పుదుపేటలో బండిని విప్పి భాగములుగా అమ్మెడి వ్యాపారము ఈ కొరతపై పెరిగినది.

కారు యజమాని జాకీని ముట్టడు. డ్రైవరును అంతగా ముట్టడు. లారీలలో అది క్లీనరు పని. పదునాలుగు, పదునైదేండ్ల కుఱ్ఱవాడు జాకీతోపాటు ఒక చెక్కపలకను, రెండు రాళ్ళను వెంటబెట్టుకొనును. పలక జాకీక్రింద, రాళ్ళు చక్రములకు అడ్డు. పని ముగియగనే రాళ్ళను బాటపైననే విడిచిపోవుట వాడుక. వెనుక రాత్రివేళ వచ్చు బండివాని శాపములు ఆ రాళ్ళకు చెందును. చెన్నపట్టణమునుండి నెల్లూరు బాటలో తిరిగిన లారీల క్లీనర్లలో తెలుగు బాలురెందఱో ఉండెడివారు. వారు వ్రాసిన పుస్తకములు లేవు. జాకీతలపై గీతలు, పిడిపై చేతియొఱపిడికి నునుపెక్కిన పట్టు, ఇంతమాత్రమే వారి వ్రాత.

కనుక పాతజాకీ చేతికి వచ్చినపుడు మొదట చేయవలసినది శుభ్రపఱచుట కాదు, చదువుట. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరములు తయారీదారుని పేరును, ఊరును, ఎత్తగల బరువును తెలుపును. అమెరికా సరకుపై పేటెంటు తేదీ తఱచుగా నుండును. బ్రిటిషు సరకుపై నమోదు సంఖ్య యుండును. పేటెంటు తేదీ తయారీ తేదీ కాదని మాత్రము గుర్తుంచుకొనవలెను. అదే అచ్చుతో ఇరువది యేండ్లవఱకును పోతపోసినవారు కలరు. దేశము పేరు చెక్కుటకు వెనుక చట్టముల ప్రేరణ కలదు. బ్రిటనులో 1887నాటి సరకుగుర్తుల చట్టము, ఇండియాలో 1889నాటి చట్టము, అమెరికాలో 1890నాటి సుంకపుచట్టము, ఈ మూడును వస్తువు పుట్టినచోటిని దానిపై చెప్పించుటకు దోహదము చేసినవి.

అక్షరముల తరువాత రంగు. తొలినాటి జాకీలకు కీలుతో చేసిన నల్లని 'జపాను' పూత తఱచుగా నుండెడిది. తరువాత ఎఱుపు, బూడిదవన్నె ఎనామెళ్ళు వచ్చినవి. సైన్యపు సరకుకు మందమైన ఆకుపచ్చ. ఇచ్చటి కొట్లలో ఆయుధపూజకుముందు పనిముట్లను కడిగి, తుడిచి, కొన్నిచోట్ల రంగు పూయుట ఆచారము. ఆ పైన గంధము, కుంకుమ. ఏటేట పూసిన ఈ పొరలు చెట్టుమానులోని వలయములవంటివి. పీఠపుమూలలో గోరంత చోటును సన్నని ఉప్పుకాగితముతో పొరపొరగా రాచిన, పైన నీలము, దానిక్రింద ఎఱుపు, దానిక్రింద సైన్యపు ఆకుపచ్చ, అడుగున నలుపు వరుసగా వెలువడవచ్చును. ఆ జాకీ ఒక కుంపిణీ గిడ్డంగినుండి సైన్యమునకును, సైన్యమునుండి వేలమునకును, అటనుండి ఒక చిన్నకొట్టుకును పోయిన దారి ఆ గోరంతలో కలదు. దానిని పూర్తిగా గీకివేసినచో ఆ దారి మఱి దొరకదు. కావున ఎంత పునరుద్ధరించినను, ఒక మూలను పాతపొరలతోడనే విడిచిపెట్టుట ఉత్తమము.

ఇచ్చట దేవాలయముల జీర్ణోద్ధరణమును తలంపక తప్పదు. శిలలపై ఇసుకను వేగముగా చిమ్మి మురికి పోగొట్టబోయి శాసనముల అక్షరములనే అరగదీసిన ఉదంతములు తమిళదేశమున పలుచోట్ల జరిగినవి. గుడి తెల్లబడినది; దాత పేరు పోయినది. జాకీకిని ఇసుకధార వేగమైన ఉపాయమే. ఐదు నిముషములలో ఇనుము వెండివలె మెఱయును. అక్షరముల అంచులు మొద్దువాఱును; మఱయొక్క నునుపు గరుకగును; పీఠములోపలికి పోయిన ఇసుక ఎంత కడిగినను కొంత మిగిలి, పళ్ళమధ్య నలిగి వాటిని తినివేయును. శాసనము పోయినందుకు విచారించు పండితులు పోతయక్షరములు పోయినందుకును విచారింపవలసియున్నది. అవియు ఒక కాలపు శాసనములే.

శుభ్రపఱచుటకు నిదానమైన మార్గములు కలవు. మొదట కిరసనాయిలులో రెండుమూడు దినములు నాననిచ్చి, గట్టిపడిన కందెనను ఇత్తడి కుంచెతో తీయవలెను. బిగిసిన మఱను బలవంతముగ త్రిప్పరాదు. మంటతో కాల్చి వదులు చేయువారు కలరు. పదునుపెట్టిన ఉక్కునాలుకకును, స్ప్రింగునకును ఆ వేడి తగిలినచో పదును పోవును. తుప్పునకు ఘాటైన ఆమ్లములు వాడుటలో అపాయము కలదు. పదునెక్కిన ఉక్కు ఆమ్లమున నానిన పెళుసెక్కి, బరువుపడినప్పుడు చెప్పకయే విఱుగును. ఇందుకంటె బెల్లపుమడ్డి మేలు. ఒకపాలు మడ్డికి పదిపాళ్ళ నీరు కలిపి అందు ఇనుమునుంచిన, కొన్ని వారములలో తుప్పు మెల్లగా కరగిపోయి ఇనుము బూడిదవన్నెగా తేలును. వాసన మాత్రము ఇరుగుపొరుగువారితో తగవు తెచ్చును. పురసవాక్కపు ఇఱుకుసందులలో ఇది చిన్నమాట కాదు. అల్యూమినియము, జస్తాభాగములను అందుంచరాదు. పోతయినుమును అవసరమునకు మించి నాననీయరాదు.

శుభ్రపడిన తరువాత, రంగు తలపెట్టుటకు ముందు, బీటల పరీక్ష. ఇది రైలు కర్మాగారములలో ఇరుసులకు పూర్వము చేసిన పరీక్ష. ఏ గుడిసెలోనైనను చేయదగినంత సులభము. భాగమును కిరసనాయిలులోనో, పలుచని చమురులోనో నానబెట్టి, పైకితీసి పొడిగుడ్డతో చమురుజాడ లేకుండ తుడువవలెను. పిదప సుద్దను నీటిలోనో, స్పిరిటులోనో కలిపి పలుచగా పూసి ఆఱనీయవలెను. ఎక్కడనైన కంటికానని బీట యున్నచో అందు దాగిన చమురు మెల్లగా ఊరి, తెల్లని సుద్దపై సన్నని నల్లగీతగా కనబడును. పీఠము మెడభాగమును, మఱతలలోని రంధ్రపుటంచులను, నాలుకమొనను తప్పక చూడవలెను. పోతయినుము సాగదు, వంగదు; ముందు హెచ్చరిక లేక విఱుగును. ఆ నల్లగీత కనబడిన జాకీ జీవితమున మఱి బరువెత్తరాదు. వెల్డింగుచేసి, పైన మందముగా రంగుపూసి అమ్మినవాడు, దానిని కొన్నవాని ప్రాణముతో వ్యాపారము చేసినవాడగును. సుద్దపూత లోపమును బయటపెట్టును. ఎనామెల్‌పూత దానిని దాచును. రెండును కుంచెతో పూయునవే.

పరీక్షకు నిలిచినదానికి రంగు వేయవచ్చును, వేయవలెను కూడ. చెన్నపట్టణపు ఉప్పుగాలికి వట్టి ఇనుము ఒక వర్షకాలమైనను ఓర్వదు. పూర్వపు పనివారు సీసపు సిందూరమును అవిసెనూనెలో కలిపి తొలిపూతగా వేసెడివారు. ఇనుమును కాపాడుటలో దానికి సాటిలేదని వారి నమ్మకము. ఆ నమ్మకము తప్పు కాదు. కాని సీసము విషము. ముఖ్యముగ పిల్లల మెదడునకు హానికరము. ఇండ్లలో వాడు రంగులయందు సీసము పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదను నియమము ఇండియాలో 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. పాతజాకీపైనున్న పొరలలో సీసముండునని తలంచియే పనిచేయవలెను. పొడిగా రాచి ధూళి లేపక తడిపి రాచుట, ముక్కునకు తగిన తొడుగు కట్టుకొనుట, ఆ ధూళిని వంటయింటి దాపునకు రానీయకుండుట అవసరము. ఇంటి వసారాలో పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని చేయదగిన పని కాదిది. తొలిపూతకు నేడు ఎఱ్ఱ ఆక్సైడు చాలును. పైపూతకు అడుగునగన్పించిన రంగునే అనుసరింపవలెను.

ఎక్కడ రంగు పూయరాదో తెలియుట ఎక్కడ పూయవలెనో తెలియుటకంటె ముఖ్యము. మఱకు, పళ్ళకు, నాలుకకు, జాకీతలకు రంగు తగులరాదు. మఱపై రంగు పొరగా పేరుకొని, బరువుపడగనే పొలుసులై రాలి, పళ్ళనడుమ చిక్కును. తలపై రంగు జారుడు. ఇరుసు దానిపై నిలువదు. వీటికి పలుచని కందెనయే అలంకారము. ఉబ్బెత్తు అక్షరములను బంగారువన్నెతోనో, తెలుపుతోనో దిద్దుట నేటి సంగ్రహకులకు ముచ్చట. తొలినాడు కర్మాగారమున అట్లు దిద్దిన జాడ కనబడినప్పుడు దిద్దవచ్చును. లేనప్పుడు దిద్దుట, శాసనమున లేని అక్షరమును చేర్చుటవంటిది.

జీర్ణోద్ధారకులలో రెండు పక్షములు కలవు. వస్తువు పుట్టిననాటివలె కనబడవలెనని ఒక పక్షము; చేతికి వచ్చినప్పటివలె నిలుపవలెనని రెండవది. మొదటివారికి గీతలు లోపములు. రెండవవారికి గీతలే చరిత్ర. కార్ల విషయమున మొదటి పక్షమునకు కొంత న్యాయము కలదు. కారు ఊరేగింపునకు పోవును, నలుగురు చూతురు. జాకీ విషయమున రెండవ పక్షమే బలవత్తరమైనది. కారు యజమానికి ఫోటోలున్నవి, బిల్లులున్నవి, నమోదు పత్రములున్నవి. క్లీనరు కుఱ్ఱవానికి ఆ గీతలు తప్ప ఏమియు లేవు. చెన్నపట్టణపు కమ్మరి ఒకడు అతికిన పిడిని తీసివేసి, ఇంగ్లండునుండి తెప్పించిన అసలుపిడిని అమర్చి, 'సంపూర్ణము' అనిపించుకొన్నవాడు వస్తువును బాగుచేసెనో, దాని జీవితములో సగమును కత్తిరించెనో చెప్పుట కష్టము.

తమిళదేశపు తెలుగువారిలో యంత్రవిద్యకు పేరుమోసిన జి.డి. నాయుడు (1893–1974) 1920లో పొల్లాచ్చి, పళని నడుమ ఒక బస్సుతో మొదలిడి, తన మోటారు సర్వీసును పెంచెను. చెడిన భాగమును పాఱవేయక, విప్పి, దాని గుట్టు తెలిసికొని, తిరిగి చేయుట ఆయన పద్ధతి. ఆయన పేరిటి ధర్మసంస్థ కోయంబత్తూరులో నడపుచున్న కార్ల ప్రదర్శనశాల 2015లో తెఱువబడినది. చెన్నపట్టణమునను పాతకార్ల ప్రియుల సంఘము కలదు, ప్రదర్శనలు జరుగుచున్నవి. ఆ ప్రదర్శనలలో కారు బానెట్టు తెఱచి యింజను చూపుదురు. వెనుకపెట్టె తెఱచి జాకీని చూపుట తక్కువ.

పురసవాక్కము, చూళై, వేపేరి ఇండ్లలో అటకలపైనను, మెట్లక్రిందను ఇట్టి జాకీలు నేటికిని కొన్ని దొరకుటకు వీలున్నది. తాత నడపిన కారు అమ్ముడైనను, స్టెప్నీ పోయినను, బరువు ఎక్కువై ఎవరును మోయలేక జాకీ మిగిలిపోవుట కద్దు. అట్టిది దొరకినప్పుడు ముందుగా నాలుగువైపుల ఫోటో తీసి, తూచి, అక్షరములను ఉన్నవి ఉన్నట్లు వ్రాసికొని, ఏ యింట ఏ కారుతో వచ్చినదో పెద్దలనడిగి చేర్చవలెను. సుద్దపరీక్షలో నిలువని జాకీయైనచో, మెడకు రేకుబిళ్ళయొకటి తీగతో కట్టి, దానిపై మేకుమొనతో లోతుగా 'బరువునకు పనికిరాదు' అని తెలుగునను, తమిళమునను చెక్కించి పెట్టుట మంచిది. నిలిచినదైనను కారును పైకెత్తుటకే; క్రింద మనిషి దూఱవలసినప్పుడు ఇనుప స్తంభపీఠములు వేఱుగా నుండవలెను. రేకుబిళ్ళకు రంగు పూయనక్కఱలేదు.